ఎనిమిది జి.బి. చాలునా?

– బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి

"అన్నా, ఎనిమిది చాలుతుందా, పదహారు తీసుకోవాలా?"

సంక్రాంతి సెలవులు ముగిసి హాస్టలుకు తిరిగి వచ్చిన రోజున పక్కగది తమ్ముడొకడు నన్ను అడిగిన ప్రశ్న ఇది. మెస్సులో చపాతీల సంగతి కాదు. కంప్యూటరు మీద ఆటలు ఆడుకోవడానికి కొనదలచిన గ్రాఫిక్స్ కార్డు సంగతి. ఒకే పేరు గల కార్డు 8 జి.బి. మెమరీతోనూ దొరుకుతుంది, 16 జి.బి. మెమరీతోనూ దొరుకుతుంది. రెండింటికీ ధరలో కొన్ని వేల రూపాయల తేడా. ధాన్యం అమ్మిన డబ్బులో కొంత తీసి వాళ్ళ నాన్నగారు "చదువుకు పనికొచ్చే కంప్యూటరు కొనుక్కోరా" అని ఇచ్చారట. అది చదువుకు ఎంత పనికివస్తుందో, ఆటకు ఎంత పనికివస్తుందో విద్యార్థి లోకానికి వేరే చెప్పనక్కరలేదు. అయినా డబ్బు మాత్రం ధాన్యం డబ్బే.

ఒకప్పుడైతే తడుముకోకుండా జవాబు చెప్పి ఉండేవాణ్ణి. రెండేళ్ళ క్రితం మరో మిత్రుడికి అలాగే చెప్పాను. "జి.బి. ఏది ఎక్కువుంటే అది పట్టుకురా" అన్నాను. వాడు నా మాట నమ్మి, పాత సామాన్ల అంగడిలో 2 జి.బి. కార్డును వదిలిపెట్టి 4 జి.బి. కార్డును తెచ్చుకున్నాడు. తీరా బిగించి ఆట మొదలుపెడితే తెర మీద బొమ్మ ఎడ్లబండి కన్నా నెమ్మదిగా కదిలింది. కార్డు మీద వేసిన అంకె అబద్ధం కాదు. నిజంగానే 4 జి.బి. ఉంది. ఆ ఒక్క అంకె చూసి కొనమన్న నా సలహాయే తప్పు. అది వాడు వేసవి సెలవుల్లో పనిచేసి కూడబెట్టుకున్న డబ్బు. వాడు నన్ను పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉండిపోయింది.

అందుచేత ఈసారి నోటి లెక్క మాని, కాగితం మీద లెక్క కట్టి చూశాను. ఆ లెక్కే ఈ వ్యాసం. చివరికి తేలిందేమిటో ముందే చెబుతాను: "చాలునా?" అన్న ప్రశ్నకు పెట్టె మీద జవాబు ఉండదు. మీ తెర, మీ ఆట, మీ సెట్టింగులు – ఈ మూడూ చెప్పనిదే ఎనిమిది ఎక్కువో తక్కువో చెప్పడం సాధ్యం కాదు.

కళ్ళం, కుప్ప, డొంక

గ్రాఫిక్స్ కార్డు అంటే కంప్యూటరు లోపల ఉన్న మరో చిన్న కంప్యూటరు. దానికి సొంత ప్రాసెసరు ఉంది, సొంత మెమరీ ఉంది. ఆ సొంత మెమరీనే వీడియో మెమరీ అంటారు. మనం ర్యామ్ అని పిలిచే మామూలు మెమరీ వేరు. అది మదర్‌బోర్డు మీద ఉంటుంది. ఈ రెండింటినీ కలుపుతూ ఒక మార్గం ఉంది. దాని పేరు పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్.

పల్లెటూరి వాణ్ణి గనుక నాకు ఇదంతా కుప్పనూర్పిడి లాగా కనిపిస్తుంది. నూర్పిడి మిషను గ్రాఫిక్స్ ప్రాసెసరు అనుకోండి. మిషను పక్కనే ఉన్న కళ్ళం వీడియో మెమరీ. దూరపు చేలో వేసిన కుప్ప మామూలు ర్యామ్. చేనికీ కళ్ళానికీ మధ్య బండి నడిచే డొంక ఆ పి.సి.ఐ. మార్గం. పనలు కళ్ళంలో చేతికందేటట్టు ఉన్నంతసేపూ మిషను గడగడా తిరుగుతుంది. కళ్ళం ఇరుకైతే మిగిలిన పనలు చేలోనే ఉండిపోతాయి. బండి డొంకలో పడి వెళ్ళి వాటిని తెచ్చేదాకా మిషను వట్టినే తిరుగుతుంది. ఎంత పెద్ద మిషను తెచ్చినా ఆ ఆలస్యం తగ్గదు.

ఈ పోలికలో ఒక్క తేడా ఉంది. పనను ఒకసారి నూరిస్తే దానితో పని అయిపోతుంది. ఆటలో అలా కాదు. తెర మీద బొమ్మ సెకనుకు అరవైసార్లు కొత్తగా గీయబడుతుంది. ఎదురుగా ఉన్న గోడ, దాని మీది ఇటుక, నేల మీది గడ్డి – ఇవన్నీ సెకనుకు అరవైసార్లూ కావాలి. కళ్ళంలో పట్టని సరుకు ఏదైనా ఉంటే దాని కోసం బండి ఒక్కసారి వెళ్ళిరావడంతో సరిపోదు. ఆట సాగినంతసేపూ తిరుగుతూనే ఉండాలి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

కళ్ళంలో ఏముంటుంది?

వీడియో మెమరీని తినేది తెర పరిమాణమేనని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. లెక్క కట్టి చూద్దాం.

మామూలు తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. వీటినే పిక్సెళ్ళు అంటారు. మొత్తం 20,73,600. ఒక్కొక్క పిక్సెలు రంగును రాసిపెట్టడానికి 4 బైట్లు చొప్పున 82,94,400 బైట్లు, అంటే దాదాపు 8 మెగాబైట్లు. పెద్ద 4కె తెరకు దానికి నాలుగింతలు, దాదాపు 32 మెగాబైట్లు. 8 జి.బి. అంటే 8192 మెగాబైట్లు! అందులో ఇదొక మూలకు కూడా రాదు. అయితే ఆటలో ఒక బొమ్మకు ఒకే కాగితం సరిపోదు. రంగుకు ఒకటి, లోతుకు ఒకటి, వెలుగు నీడలకు కొన్ని, పోయిన క్షణపు బొమ్మ ఒకటి – ఇలా చిత్తు కాగితాలు చాలా కావాలి. అవన్నీ తెరతో పాటు పెరుగుతాయి. కనుక పెద్ద తెరకు ఖర్చు పెరిగే మాట నిజమే గాని, అసలు తిండిపోతు అది కాదు.

అసలు తిండిపోతు టెక్స్చర్. గోడకు ఇటుకలాగా, మనిషికి చర్మంలాగా, గుర్రానికి వెంట్రుకలాగా పైన అతికించే బొమ్మను టెక్స్చర్ అంటారు. ఈ కాలపు ఆటల్లో ఒక మంచి టెక్స్చర్ 4096 x 4096 పిక్సెళ్ళు ఉంటుంది. పిక్సెలుకు 4 బైట్లు చొప్పున ఇది ఒక్కటే 64 మెగాబైట్లు. ఇలా ఉన్నవి ఉన్నట్టుగా పెడితే ఏ కార్డూ తట్టుకోదు. అందుకని కుదించి పెడతారు. 4 x 4 గళ్ళుగా విడగొట్టి, 64 బైట్లు పట్టే ఒక్కొక్క గడిని 16 బైట్లలో సర్దుతారు. ఎస్3 అనే కంపెనీ 1998లో ప్రవేశపెట్టిన ఉపాయానికి ఇది వారసురాలు. ఇందులో గొప్పేమిటంటే మూట మొత్తం విప్పకుండానే కావలసిన గడిని మాత్రం ప్రాసెసరు చదువుకోగలదు. కుదించాక మన టెక్స్చర్ 16 మెగాబైట్లకు దిగుతుంది.

దీని మీద ఇంకో అదనం ఉంది. దూరంగా ఉన్న గోడకు అంత పెద్ద బొమ్మ అక్కరలేదు. కనుక అదే బొమ్మను సగం కొలతతో, అందులో సగంతో, మళ్ళీ సగంతో ఒక వరుసగా తయారుచేసి పక్కన పెట్టుకుంటారు. దీనికి మిప్‌మ్యాప్ అని పేరు. లాన్స్ విలియమ్స్ అనే శాస్త్రజ్ఞుడు 1983లో దీన్ని ప్రకటించాడు. ప్రక్క కొలత సగమైతే వైశాల్యం నాలుగో వంతు అవుతుంది గదా. ఇంటర్మీడియట్‌లో మనం చదివిన గుణశ్రేఢి ఇక్కడ పనికివస్తుంది. 1 + 1/4 + 1/16 + ... అలా కూడుకుంటూ పోతే 4/3. అంటే మూడో వంతు అదనం. 16 కాస్తా 21 మెగాబైట్లు దాటింది.

ఒక వస్తువుకు ఒక టెక్స్చర్‌తో పని జరగదు. రంగుకు ఒకటి, ఎగుడుదిగుళ్ళకు ఒకటి, నునుపు గరుకులకు ఒకటి. మూడూ కలిపి 64 మెగాబైట్లు. ఇలాంటి వస్తువులు వంద కనిపించే వీధిలో మన హీరో నిలబడితే 6400 మెగాబైట్లు. ఎనిమిదిలో ఆరుకు పైగా ఇక్కడే చెల్లిపోయింది. ఇంకా వస్తువుల ఆకారాలున్నాయి. కాంతికిరణాలను అనుసరించే 'రే ట్రేసింగ్' పెడితే దాని పట్టికలున్నాయి. మధ్య మధ్య కల్పిత ఫ్రేములను చేర్చే సౌకర్యం పెడితే దాని వాటా ఉంది. వెనకాల విండోస్, బ్రౌజరు తెరిచి ఉంటే వాటికీ కొంత.

ఆటలు తయారుచేసేవారు అన్ని టెక్స్చర్లనూ ఒకేసారి నింపరనే మాట కూడా చెప్పాలి. దగ్గరున్నవాటిని పెద్దవిగా, దూరంవాటిని చిన్నవిగా నడుస్తూ ఉండగానే మార్చుకుంటూ పోతారు. కనుక నా లెక్క ఒక మాదిరి లెక్క మాత్రమే. కాని ఇందులో ఒక రహస్యం దాగి ఉంది. టెక్స్చర్ సెట్టింగును ఒక్క మెట్టు దించి 4096కు బదులు 2048 కొలత వాడితే పై 6400 మెగాబైట్లు 1600కు పడిపోతాయి. తెర మార్చినా ఇంత ఆదా రాదు.

చాలకపోతే ఏమవుతుంది?

ప్రాసెసరు బలహీనమైతే ఆట నెమ్మదిస్తుంది. అరవై ఫ్రేములు యాభై అవుతాయి, నలభై అవుతాయి. అది గట్టు దిగినట్టు మెల్లగా దిగడం. మెమరీ చాలకపోవడం అలా ఉండదు. చాలినంతసేపూ అంతా బాగానే ఉంటుంది. చాలని క్షణాన నూతిలో పడినట్టు పడుతుంది. ఎందుకో మళ్ళీ లెక్కలోనే చూడవచ్చు.

2023లో వచ్చిన ఎన్విడియా ఆర్.టి.ఎక్స్. 4060 అనే 8 జి.బి. కార్డును తీసుకుందాం. దాని వీడియో మెమరీ వేగం సెకనుకు 272 జి.బి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కొక్క ఫ్రేముకు దొరికే సమయం సెకనులో అరవయ్యో వంతు. ఆ సమయంలో కళ్ళంలోంచి 4.5 జి.బి. దాకా అందుకోవచ్చు. మరి డొంక సంగతి? ఈ కార్డు పి.సి.ఐ. దారిలో పదహారు వరుసలకు బదులు ఎనిమిదే వాడుకుంటుంది. మన హాస్టళ్ళలో ఉండే పాతరకం మూడో తరం బోర్డు మీద ఆ ఎనిమిది వరుసల వేగం సెకనుకు సుమారు 8 జి.బి. అంటే ఒక ఫ్రేము కాలంలో 133 మెగాబైట్లు. ముప్ఫై నాలుగో వంతు!

ఇప్పుడు ఆటకు 500 మెగాబైట్ల సరుకు కళ్ళంలో పట్టలేదనుకోండి. ప్రతి ఫ్రేముకూ అది డొంకదారిన రావాలంటే ఆ రవాణాకే సెకనులో పదహారో వంతు పడుతుంది. అరవై ఫ్రేముల ఆట పదహారుకు దిగజారుతుంది. 8192లో 500 అంటే నూటికి ఆరు. నూటికి ఆరు తక్కువైతే ఆట నూటికి డెబ్భై పడిపోయిందన్నమాట. కొత్త బోర్డులైతే డొంక వెడల్పు ఇంతకు రెట్టింపు, నాలుగింతలు ఉంటుంది. దెబ్బ తగ్గుతుంది గాని పోదు.

తెలివైన ఆటలు ఇలా పడిపోకుండా మరో దారి తొక్కుతాయి. మెమరీ చాలకపోతే చెప్పాపెట్టకుండా పెద్ద టెక్స్చరు బదులు చిన్నది అతికించేస్తాయి. ఫ్రేముల లెక్క అరవై చూపుతూనే ఉంటుంది. గోడ మాత్రం అలికినట్టు, మనిషి మొహం మైనపు ముద్దలా కనిపిస్తుంది. కనుక ఫ్రేముల సగటు ఒక్కటే చూసి "మా కార్డు బ్రహ్మాండంగా ఉంది" అనే మిత్రులు తెరను కూడా ఓసారి కళ్ళు పెట్టి చూడాలని మనవి.

నా పొరపాటు

ఇప్పుడు నా పాత పాపం దగ్గరికి వస్తాను. మిత్రుడు తెచ్చిన 4 జి.బి. కార్డులో ఉన్నది పాతరకపు నెమ్మది మెమరీ. వదిలివచ్చిన 2 జి.బి. కార్డులో ఉన్నది గ్రాఫిక్స్ కోసం చేసిన వేగవంతమైన మెమరీ. కళ్ళం పెద్దదే, కాని అందులోంచి పనలు అందించే కూలీలు ఇద్దరే! పైగా మిషను కూడా చిన్నదే.

ఇది ఎంత తేడా తెస్తుందో తెలిపే ఉదాహరణ ఒకటుంది. జి.టి. 1030 అనే చిన్న కార్డు 2017లో జి.డి.డి.ఆర్. 5 మెమరీతో వచ్చింది. 2018లో అదే పేరుతో డి.డి.ఆర్. 4 మెమరీ గలది వచ్చింది. రెండింటిలోనూ 2 జి.బి.యే. మొదటిదాని వేగం సెకనుకు 48 జి.బి. అయితే రెండవదానిది 16.8 మాత్రమే. పేరు ఒకటి, జి.బి. ఒకటి, వేగం మూడో వంతు.

అంతకు ముందు ఇంకో సంగతి జరిగింది. 2014లో వచ్చిన జి.టి.ఎక్స్. 970 కార్డు మీద 4 జి.బి. అని ఉంది. అందులో మూడున్నర జి.బి. పూర్తి వేగంతోనూ, చివరి అర జి.బి. అందులో ఏడో వంతు వేగంతోనూ పనిచేస్తాయని 2015 జనవరిలో బయటపడింది. అమెరికాలో కొన్నవారు కోర్టుకెక్కగా, 2016లో కార్డుకు 30 డాలర్ల చొప్పున ఇచ్చే రాజీ కుదిరింది. జి.బి. లెక్క ఒక్కటే చదివితే ఎంత ప్రమాదమో అప్పుడు లోకానికంతటికీ తెలిసింది. నాకు మాత్రం మిత్రుడి డబ్బు పోయాక తెలిసింది.

ఎనిమిదికి ఇరుకు ఎందుకొచ్చింది?

ఒకనాడు ఎనిమిది అంటే మహాసముద్రం. 2015లో కంప్యూటర్లకు వచ్చిన జి.టి.ఎ. 5 ఆటకు కనీసం 1 జి.బి., మంచిగా ఆడటానికి 2 జి.బి. ఉంటే చాలునన్నారు. మరి ఇంతలో ఏమైంది?

పెద్ద ఆటలు ముందుగా ఇళ్ళలో టీవీకి తగిలించుకునే ఆట యంత్రాలను దృష్టిలో పెట్టుకుని తయారవుతాయి. 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4లో అన్నిటికీ కలిపి 8 జి.బి. ఉండేది. 2020 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5లో 16 జి.బి. కళ్ళం ఒక్కసారిగా రెట్టింపైంది. కొన్నాళ్ళు పాత యంత్రానికీ కొత్త యంత్రానికీ కలిపి ఆటలు చేశారు గనుక తేడా పైకి తెలియలేదు. పాతదాన్ని వదిలేశాక తెలిసింది. 2023 మార్చిలో 'ది లాస్ట్ ఆఫ్ అస్' మొదటి భాగం కంప్యూటర్లకు వచ్చినప్పుడు 8 జి.బి. కార్డుల వాళ్ళు గగ్గోలు పెట్టారు. టెక్స్చర్లు ఎక్కువ పెడితే మెమరీ చాలదు. ఒక మెట్టు దించితే బొమ్మ మరీ అధ్వాన్నం. తర్వాత వారాల్లో మరమ్మతులు చేసి మధ్య మెట్టును బాగుచేశారు. అనగా తప్పు పూర్తిగా కార్డుదీ కాదు, పూర్తిగా ఆటదీ కాదు.

ఈ మార్పు వల్ల ఒక చిత్రం కూడా జరిగింది. 2020 అక్టోబరులో ఆర్.టి.ఎక్స్. 3070 వచ్చింది. ధర 499 డాలర్లు, మెమరీ 8 జి.బి. 2021 ఫిబ్రవరిలో దాని తమ్ముడు 3060 వచ్చింది. ధర 329 డాలర్లు, మెమరీ 12 జి.బి. మిషను బలంలో అన్నదే చాలా పైచేయి. అయినా రెండు మూడేళ్ళు గడిచాక కొన్ని ఆటలలో, టెక్స్చర్లూ రే ట్రేసింగూ నిండుగా పెట్టినచోట, అన్న తడబడుతుంటే తమ్ముడు నిలకడగా నడిచాడు. సత్తా ఉన్న మిషను కళ్ళం చాలక వట్టినే తిరగడమంటే ఇదే.

మరి తయారీదారులు 8కి బదులు 10 పెట్టవచ్చు గదా అని తమ్ముడు అడిగాడు. అలా కుదరదు. ఒక్కొక్క మెమరీ చిప్పుకు ప్రాసెసరు నుండి 32 తీగల దారి కావాలి. 4060 లాంటి కార్డుల్లో మొత్తం 128 తీగలే ఉన్నాయి. అంటే నాలుగు చిప్పులు. చిప్పుకు 2 జి.బి. చొప్పున 8. 3060లో 192 తీగలు, ఆరు చిప్పులు, 12 జి.బి. నాలుగు చిప్పుల కార్డునే 16 చేయాలంటే బోర్డుకు రెండో వైపున ఇంకో నాలుగు అతికించి, ఒక్కొక్క దారిని ఇద్దరికి పంచాలి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 5060 టి.ఐ. ఇలాగే 8, 16 జి.బి. రకాలుగా 379, 429 డాలర్లకు వచ్చింది. జూన్‌లో ఏ.ఎం.డి. వారి ఆర్.ఎక్స్. 9060 ఎక్స్.టి. 299, 349 డాలర్లకు వచ్చింది. రెండు చోట్లా ప్రకటించిన తేడా 50 డాలర్లే. గమనించవలసిందేమిటంటే 16 రకంలో కళ్ళం రెట్టింపవుతుంది గాని, మిషనూ కూలీలూ అంతే. కళ్ళం నిండనంతసేపూ రెండూ ఒక్కలాగే నడుస్తాయి.

పరీక్ష చేసే విధం

ఇంత చదివాక మళ్ళీ మొదటి ప్రశ్నే. మన సంగతి ఎలా తెలుసుకోవడం? దీనికి ప్రయోగశాల అక్కరలేదు. 8 జి.బి. కార్డున్న మిత్రుడొకడుంటే చాలు.

మొదట, నిజంగా ఆడబోయే ఆటల జాబితా రాయాలి. ఆడాలని కలలుగనేవి కాదు, ఆడేవి. వాలరెంట్ లాంటి పోటీ ఆటకు 1 జి.బి. వీడియో మెమరీ ఉంటే చాలునని తయారీదారులే రాశారు. దానికి 8యే ఎక్కువ. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆటకు కనీసమే 8 జి.బి. అందులో టెక్స్చర్లకు ఎంత చోటు కేటాయించాలో మనమే ఎంచుకునే మీట కూడా ఉంది. 8 జి.బి. వాళ్ళు దాన్ని తగ్గించుకోక తప్పదు.

రెండవది, మిత్రుడి యంత్రం మీద రద్దీ ఉన్న చోట అరగంట ఆడాలి. అయిదు నిమిషాలు సరిపోవు, కళ్ళం నిండటానికి కొంత వ్యవధి పడుతుంది. ఆడుతూ విండోస్ టాస్క్ మేనేజరులో గ్రాఫిక్స్ పేజీ తెరిచి ఉంచాలి. అక్కడ రెండు అంకెలు కనిపిస్తాయి. డెడికేటెడ్ అనేది కళ్ళం. షేర్డ్ అనేది చేలో మిగిలిన సరుకు. షేర్డ్ ఎప్పుడూ కొద్దిగా ఉంటుంది, దానికి భయపడనక్కరలేదు. డెడికేటెడ్ నిండి అక్కడే నిలిచిపోయి, షేర్డ్ పెరుగుతూ పోతూ, ఆట మధ్యమధ్య గుక్కపట్టినట్టు ఆగుతున్నదంటే మెమరీ చాలడం లేదని అర్థం.

ఇక్కడ ఒక మోసం ఉంది. 16 జి.బి. కార్డు మీద ఒక ఆట 11 జి.బి. వాడుతున్నట్టు చూపిందనుకోండి. దానికి 11 కావాలని నిర్ధారణ చేయకూడదు. పెళ్ళివారికి పెద్ద విడిది ఇస్తే కాళ్ళు బార్లా చాపుకుని పడుకుంటారు. చిన్న విడిది ఇస్తే సర్దుకుంటారు. ఆటలూ అంతే. తీసుకున్న చోటు వేరు, నిజంగా కావలసిన చోటు వేరు. సర్దుకున్నాక ఊపిరాడుతున్నదా లేదా అన్నదే చూడవలసింది.

మూడవది, టెక్స్చర్ ఒక్క మెట్టు దించి ఆటను మళ్ళీ మొదలుపెట్టాలి. గుక్కపట్టడం పోతే రోగం మెమరీదే. పోకపోతే రోగం ఇంకెక్కడో ఉంది, మెమరీ కోసం డబ్బు తగలేసి లాభం లేదు.

మరి జవాబు?

పోటీ ఆటలూ, కొన్నేళ్ళ కిందటి ఆటలూ, 1080 తెర – ఇంతవరకైతే 8 హాయిగా చాలుతుంది. అదే తెర మీద కొత్త పెద్ద ఆటలకు ఒక మెట్టు దిగితే చాలుతుంది. ఇంకా పెద్ద తెర, నిండు టెక్స్చర్లు, రే ట్రేసింగు కావాలనేవారు కొత్తగా 8 కొనడం తెలివి కాదు. నాలుగైదేళ్ళు అదే కార్డుతో గడపాలనుకునేవారికీ, ఒకే మిషనుతో రెండు రకాలు దొరికి తేడా భరించగలిగితే, పెద్ద కళ్ళమే మేలు. 2025 చివర మెమరీ చిప్పుల ధరలు బాగా పెరిగాయి గనుక ఆ తేడా ఎంతో కొనే రోజునే అడిగి తెలుసుకోవాలి. ఇప్పటికే 8 ఉన్నవారు మాత్రం దాన్ని పారేయనక్కరలేదు. ఇంత అమ్మకమైన కార్డులను ఆటల వాళ్ళు అంత సులువుగా వదులుకోలేరు. పైగా ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ అనే ఆట యంత్రంలో మొత్తం మెమరీ 10 జి.బి.యే. దానికీ ఆటలు సర్దుతున్నారు.

అధ్యాపకులు ఇదంతా ఆటల గొడవేనని పేజీ తిప్పేయకుండా ఉండేందుకు ఒక్క మాట. 700 కోట్ల పరామితులున్న భాషా నమూనాను, ఒక్కొక్కదానికి 2 బైట్ల చొప్పున, కార్డు మీద నడపాలంటే వాటికే 14 జి.బి. కావాలి. మన ప్రయోగశాలకు కొనేటప్పుడు కూడా ఈ కళ్ళం లెక్క తప్పదు.

పక్కగది తమ్ముడికి నేను ఏది కొనమనీ చెప్పలేదు. వాడు రాసిన జాబితాలో అయిదు ఆటలున్నాయి. నాలుగు ఎనిమిదిలో తేలిగ్గా పట్టేవి. అయిదవదాన్ని సీనియరు ఒకాయన యంత్రం మీద ఓ ఆదివారం పరీక్షించాం. నిండు టెక్స్చర్లతో గుక్కపట్టింది. ఒక మెట్టు దించితే సాఫీగా నడిచింది. పరుగెత్తుతున్నప్పుడు తేడా వాడికి కనబడలేదు. గోడ దగ్గర ఆగి చూస్తే కనబడింది. "గోడలు చూడ్డానికి ఎవడాడతాడన్నా!" అని వాడు ఎనిమిదే కొన్నాడు. మిగిలిన డబ్బు ఇంటికి తిరిగి పంపాడు. నాలుగేళ్ళ తర్వాత కళ్ళం చాలక నన్ను తిట్టుకుంటాడేమో తెలియదు. కాని తిట్టుకున్నా, లెక్క తెలిసి కొన్నవాడు తిట్టుకున్నట్టే ఉంటుంది.

ఈ వ్యాసం చిత్తుప్రతిని రెండేళ్ళ కిందటి ఆ మిత్రుడికే ముందుగా చూపించాను. వాడు మొత్తం చదివి, కాగితాలు నా చేతికిచ్చి, "ఈ లెక్క నేను అంగడికి వెళ్ళక ముందు కట్టి ఉండకూడదట్రా?" అన్నాడు.

ఈ నవ్వు కోసం రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. వాడు నవ్వుతూనే అన్నాడు.